పాలకొల్లు పిల్లోడు, బెర్లిన్ జాజ్ పండగ, మన ఉరుములు

అనంతపురం జిల్లాలో కూకోని జాజ్ గురించి రాస్తాండావేంది, వేరే పని లేదా అని అడిగేవాళ్లు అడగనీ. వాన సరిగా రాదు, బుడ్డలకు ధర రాదు, బోర్లు ఎండిపోతాండాయి, పల్లెల్లో ఎన్నో ఇండ్లకు బీగాలేసుకోని జనం బెంగళూరు దావ పట్టినారు. ఇన్ని బాధల నడుమ ఒక మాండలిన్ వాయించే మనిషి కథ ఎందుకు? యాలంటే ఆ కథ లోపల మన ఊరి డోలు కొట్టేవాళ్ల కథ ఉంది, ఉరుము వాయించేవాళ్ల కథ ఉంది. ఏది గొప్ప సంగీతం, ఏది తక్కువ సంగీతం అని తీర్పు చెప్పే పెద్దలు ఎవురనే ప్రశ్న ఉంది. జాతరలో డీజే బాక్సుల ముందర ఎగిరే తమ్ముళ్లు, ఫోన్లో పాటలకు రీల్స్ చేసే చెల్లెండ్లు ఈ మనిషిని తెలుసుకోవల్ల.

ఆయన పేరు ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండలిన్ శ్రీనివాస్ అంటేనే తెలుసు. 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టినాడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో చనిపోయినాడు. నలభై ఐదేండ్ల బతుకు. ఆయన పోయి పదేండ్లు దాటింది. ఈ కాలమ్ చదివే పిల్లోళ్లలో శానా మందికి అప్పటికి అక్షరాలు కూడా వచ్చిండవు. అందుకే మొదట్నుంచి చెప్తా.

నేను సంగీతం చదువుకున్నోడ్ని కాను. ఆ మాటకొస్తే పెద్దగా చదువుకున్నోడ్నే కాను. లైబ్రరీ పుస్తకాలు, పేపర్లు, సభల్లో పెద్దోళ్ల మాటలు, ఇవే నా బడి. తాళం లెక్కలు నాకు రావు. కానీ భజన గుడి కాడ పెరిగినోడికి ఏ పాట యాడ మొదలై యాడికి పోయి తిరిగి యాడికి వచ్చిందో చెవికి తెలుస్తాది. ఆ చెవితోనే శ్రీనివాస్ క్యాసెట్లు విన్నా, ఆ చెవితోనే జాజ్ కూడా విన్నా.

శ్రీనివాస్ నాయన సత్యనారాయణకు సంగీతం తెలుసు. ఇంట్లో మాండలిన్ ఉండేది. ఆరేండ్ల పిల్లోడు ఒకరోజు దాన్ని ఎత్తుకోని వాయించడం మొదలుపెట్టినాడు. నాయన చూసి, పిల్లోడి చేతిలో ఏదో ఉందని కనిపెట్టి, తాను క్లారినెట్ నేర్చుకున్న గురువు రుద్రరాజు సుబ్బరాజు కాడికే తీసకపోయినాడు. ఈ సుబ్బరాజు గారు పేరుమోసిన గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. గమ్మత్తు ఏందంటే, ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడతాడు, పిల్లోడు ఆ పాటను తీగ మీద వెతుక్కోవల్ల. వేళ్లు యాడ పెట్టల్లో చెప్పేవాళ్లు లేరు. ఎట్ల వినపడితే అట్ల వాయించుకోవాల్సిందే. వాసూరావు అనే గిటారు కళాకారుడు పాశ్చాత్య సంగీతం రుచి కూడా చూపించినాడు. అంటే చిన్నప్పుడే ఆ పిల్లోడి చెవుల్లో రెండు దేశాల సంగీతం పడింది.

ఈ ముచ్చట దగ్గర రొంత ఆగల్ల. మన ఊర్లో గురువులు యాడున్నారు, మాకు నేర్పేవాళ్లు లేరు అంటాంటారు మీరు. నిజమే. కానీ వాయిద్యం రాని గురువు కూడా వాయిద్యం నేర్పినాడు ఇక్కడ. పాట తెలిసిన మనిషి, వినే పిల్లోడు, ఇద్దరికీ ఓపిక, ఈ మూడూ కుదిరినాయి. మన పల్లెల్లో పాట తెలిసిన ముసలోళ్లు ఇంకా ఉండారు. వాళ్ల ముందర కూకునే పిల్లోళ్లే కరువైనారు.

ఇంగ ఆ మాండలిన్ సంగతి. అది ఇటలీ దేశపు వాయిద్యం. ఎనిమిది తీగలు ఉంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆగిపోతాది. మన కర్ణాటక సంగీతానికి అది చాలదు. మన రాగంలో స్వరం నిలబడల్ల, ఊగల్ల, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారల్ల. దాన్నే గమకం అంటారు. గమకం లేని తోడి రాగం ఉప్పు లేని సంగటి మాదిరి ఉంటాది. అప్పటిదాకా మాండలిన్ అంటే సినిమా పాటల్లో నడుమ నడుమ గలగలమనే వాయిద్యమే. దాంతో మూడు గంటల కచేరీ చేస్తాననేది పెద్దోళ్లకు నవ్వులాటగా ఉండేది.

శ్రీనివాస్ ఏం చేసినాడంటే, మాండలిన్‌ను మన పాటకు తగినట్ల మార్చుకున్నాడు. జత తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, నాలుగు జతలకు బదులు ఐదు తీగలు. కరెంటు మాండలిన్‌కు మారినాడు. దాంతో ఒకసారి మీటిన స్వరం ఆగకుండా నిలబడింది, వేలు తీగ మీద జారితే ఆ జారుడంతా వినపడింది. చిన్న మార్పు మాదిరి కనపడతాది గానీ మొత్తం గుట్టు అక్కడే ఉంది. మన రైతు కంపెనీ గొర్రును తన నేలకు సరిపోయేట్ల కమ్మరోడి కాడ మార్పించుకోడా? ఇదీ అట్లాంటి పనే. పనిముట్టు యాడ పుట్టిందనే దానికన్నా, అది మన నేలలో దిగబడతాదా లేదా అనేది ముఖ్యం.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసినాడు. అప్పటికి తొమ్మిదేండ్లు. తర్వాత కుటుంబం మద్రాసుకు చేరింది. మద్రాసు డిసెంబరు కచేరీల్లో ఈ పిల్లోడు కూకోని వాయిస్తాంటే ముందర కూకున్నోళ్లకు నోట మాట రాలేదు. అట్లని అందరూ ఒప్పుకోలేదు. పరదేశపు వాయిద్యం, పైగా కరెంటుది, దీంట్లో మన సంగీతం ఏందని ముఖం తిప్పుకున్న పెద్దోళ్లు ఉన్నారు.

ఆ పెద్దోళ్లకు చరిత్ర గుర్తు చేయాల్సిందే. ఈరోజు కర్ణాటక కచేరీలో వయొలిన్ లేకుంటే పాటగాడికి పక్కన చెయ్యి విరిగినట్ల ఉంటాది. ఆ వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు రెండు నూర్ల ఏండ్ల కిందట దాన్ని మన సంగీతంలోకి తెచ్చినోళ్లలో ఒకడు. హార్మోనియం సంగతి తీసుకోండి. 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గుమ్మం తొక్కనీలేదు. ఆ కాలంలోనే మన రాయలసీమ పల్లెల్లో హార్మోనియం లేకుండా నాటకం లేదు, భజన లేదు. ఢిల్లీలో వద్దన్న పెట్టె మన రామాలయంలో దర్జాగా కూకుంది. కన్నడ దేశంలో కద్రి గోపాలనాథ్ శాక్సోఫోన్‌ను ఇదే తీరున లొంగదీసినాడు. వాయిద్యానికి దేశం లేదు, కులం లేదు. అవి రెండూ మనిషి తగిలించినవే.

ఇంగ 1983కు వస్తాం. పద్నాలుగేండ్ల శ్రీనివాస్‌ను పశ్చిమ బెర్లిన్ జాజ్ పండక్కు పిలిచినారు. అప్పటికి ఆ నగరం చుట్టూ గోడ ఉంది. 1961లో కట్టిన గోడ, 1989 దాకా కూలలేదు. ఒకే ఊరి జనాన్ని రెండు ముక్కలు చేసిన గోడ. మన పల్లెల్లో ఊరికీ వాడకూ నడుమ కంటికి కనపడని గోడ ఉంటాది గదా, అక్కడ అది కంటికి కనపడేది, అంతే తేడా. ఆ గోడ పక్కన 1964లో ఈ జాజ్ పండగ మొదలైంది. ఆ మొదటి ఏడాది పండగ పుస్తకానికి మార్టిన్ లూథర్ కింగ్ ముందుమాట రాసిచ్చినాడు. నల్లజాతి హక్కుల నాయకుడు సంగీతం పండక్కు ఎందుకు రాసినాడు? యాలంటే జాజ్ పుట్టిందే ఆ జనం కడుపులో నుంచి.

జాజ్ అంటే ఏందో మన భాషలో చెప్తా. ఆఫ్రికా నుంచి సంకెళ్లేసి అమెరికాకు తోలిన మనుషుల బిడ్డలు, మనవలు దాన్ని పుట్టించినారు. న్యూ ఆర్లీన్స్ అనే ఊర్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది పెరిగింది. ఆ ఊర్లో సావు ఊరేగింపుకు బ్యాండు మేళం పోతాది. పోయేటప్పుడు నిదానంగా ఏడుపు పాట. పూడ్చి వచ్చేటప్పుడు హుషారు పాట, జనం ఎగురుకుంటా వస్తారు. మన ఊర్లో సావుకు తప్పెట్లు కొట్టే తాత ఆ వీధిలో నిలబడితే ఆయనకు ఎవురూ అర్థం చెప్పాల్సిన పని ఉండదు.

జాజ్ పద్ధతి కూడా మనకు కొత్తేం కాదు. మొదట అందరూ కలిసి ఒక రాగాన్ని, అంటే ఒక పాట వరసను వాయిస్తారు. తర్వాత ఒకడు ఆ వరసను వదిలి తన మనసుకు తోచినట్ల బయలుదేరతాడు. మిగతా వాళ్లు వాడి కింద లయను గట్టిగా పట్టుకోనుంటారు. వాడు అయినాక ఇంకొకడు. అఖర్న అందరూ మళ్లీ మొదటి వరసకు వచ్చి కలుస్తారు. 1960 తర్వాత కొందరు ఇంకా ముందుకు పోయి, వరసే వద్దు, ఎవురికి తోచింది వాళ్లు వాయిద్దాం, ఒకరిని ఒకరు వింటా పోదాం అన్నారు. దాన్ని ఫ్రీ జాజ్ అన్నారు. మన కర్ణాటక కచేరీలో దీన్నే మనోధర్మం అంటారు. రాగం ఆలాపన, కల్పన స్వరాలు, మృదంగం తని ఆవర్తనం, ఇవేవీ ముందుగా రాసిపెట్టినవి కావు. ఆ నిమిషంలో పుట్టేవే. మన చెక్కభజనలో గురువు ఒక అడుగు మారిస్తే వరసలో ఉన్న పిల్లోళ్లు కనిపెట్టి మారరా? అదీ ఆ జాతిదే.

అందుకే బెర్లిన్‌లో శ్రీనివాస్ వాయిస్తే జాజ్ వినే చెవులకు అది పరాయి సంగీతం అనిపించలేదు. కచేరీ అయిపోయినాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టి వదల్లేదు. అనుకున్న దానికన్నా జాస్తిసేపు వాయించాల్సి వచ్చింది. వాళ్లకు త్యాగరాజు ఎవురో తెలీదు, తెలుగు అంటే ఏందో తెలీదు. కానీ ఆ పిల్లోడు ఆ నిమిషంలో కొత్తగా ఆలోచిస్తా వాయిస్తాండాడని తెలుసు. అది చాలింది.

అక్కడ్నుంచి ఆయన దేశాలు తిరిగినాడు. చిన్న వయసులోనే తమిళనాడు ప్రభుత్వం ఆస్థాన విద్వాంసుడిని చేసింది. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అనే ఆల్బమ్ చేసినాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. పుట్టపర్తికి భక్తితో వచ్చి వాయించిన సందర్భాలు శానా ఉన్నాయి. 2022లో జిల్లా చీలేదాకా పుట్టపర్తి మన అనంతపురం జిల్లాలోదే. అంటే బెర్లిన్ జనం లేచి నిలబడిన చేతులే మన చిత్రావతి ఒడ్డున కూడా వాయించినాయి. మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

ఆయన జాజ్ ప్రయాణంలో పెద్ద మజిలీ రిమెంబర్ శక్తి అనే జట్టు. దీని వెనక ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఉన్నాడు. ఒక తమాషా చూడండి. 1969 ఫిబ్రవరి 18న న్యూయార్కులో జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ ఒక ఆల్బమ్ రికార్డు చేసినాడు. దాంట్లో గిటారు వాయించింది అప్పుడే అమెరికాకు వచ్చిన మెక్‌లాఫ్లిన్. సరిగ్గా పది రోజులకు పాలకొల్లులో శ్రీనివాస్ పుట్టినాడు. ముప్పై ఏండ్లకు ఆ ఇద్దరూ ఒకే స్టేజీ మీద పక్కపక్కన కూకున్నారు.

మెక్‌లాఫ్లిన్ 1970లలోనే తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో శక్తి అనే జట్టు కట్టినాడు. కుమ్మరి చేసిన కుండ అప్పుడు అమెరికా, యూరప్ స్టేజీలు ఎక్కింది. కొన్నేండ్లకు ఆ జట్టు విడిపోయింది. 1997లో మళ్లీ మొదలుపెట్టి రిమెంబర్ శక్తి అని పేరు పెట్టినారు. తర్వాత దాంట్లోకి మాండలిన్‌తో శ్రీనివాస్, కంజీరా, ఘటంతో వినాయక్‌రామ్ కొడుకు సెల్వగణేశ్ వచ్చినారు. ఆ పైన గాయకుడు శంకర్ మహదేవన్ కలిసినాడు. 1999లో వాయించిన కచేరీలు ది బిలీవర్ అనే ఆల్బమ్‌గా 2000లో వచ్చినాయి. 2001లో శాటర్డే నైట్ ఇన్ బాంబే వచ్చింది. రెండూ జనం ముందర వాయించినవే. ఫోన్లో వెతికితే దొరుకుతాయి, వినండి.

వినేటప్పుడు ఒకటి గమనించండి. మొదట గిటారు, మాండలిన్ రెండూ ఒకే వరసను ఒకే వేగంతో వాయిస్తాయి. ఏది ఏదో చెప్పలేం. తర్వాత విడిపోతాయి. గిటారు ఒక మాట అడుగుతాది, మాండలిన్ బదులు చెప్తాది. ఆ బదులు నుంచి ఇంకో ప్రశ్న పుడతాది. రానురాను ప్రశ్నలు పొట్టివైపోతాయి, బదులు ఇంకా పొట్టివి, అఖరికి రెండు వాయిద్యాలూ ఒకదాని మాట ఒకటి అందుకుంటాయి. కింద తబలా, కంజీరా లెక్క తప్పనీకుండా మోస్తాంటాయి. ఇంగ ఇది యాడికో కొట్టకపోయింది, మళ్లీ కలవదు అనుకునేలోపల అందరూ ఒకే దెబ్బ మీద వచ్చి వాల్తారు. వాలంగానే నవ్వుకుంటారు. శ్రీనివాస్ నవ్వు చూడండి. ఆ నవ్వు ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండేది.

నాకు ఆ జట్టులో సంగీతం కన్నా ముందు కనపడేది రాజకీయం. ఇంగ్లండు తెల్లాయన, ముంబై ముస్లిం, తమిళ అబ్బోడు, తెలుగు అబ్బోడు. ఒకడు వాయిస్తాంటే మిగతా వాళ్లు నోరుమూసుకోని వింటారు. వాడి వంతు అయినాక వీడి వంతు. ఎవురి గొంతు వాళ్లదే, కానీ తాళం అందరిదీ. స్వేచ్ఛ అంటే ఎవురికి వాళ్లు అరుచుకోవడం అనుకునే ఈ కాలానికి అది పాఠం. పక్కోడ్ని విననోడు ఆ స్టేజీ మీద ఒక్క నిమిషం నిలబడలేడు. మన గ్రామసభల్లో ఆ మాత్రం పద్ధతి ఉంటే సగం తగాదాలు తీరిపోయేవి.

2014లో కాలేయం జబ్బుతో చెన్నై ఆసుపత్రిలో చేరినాడు. కోలుకోలేదు. తమ్ముడు రాజేశ్, శిష్యులు ఆ మాండలిన్ దావను నిలబెడ్తాండారు. శక్తి జట్టు తర్వాత మళ్లీ కలిసినప్పుడు మాండలిన్ ఉన్న చోటుకు వయొలిన్‌తో గణేశ్ రాజగోపాలన్ వచ్చినాడు. 2024లో ఆ జట్టు దిస్ మూమెంట్ ఆల్బమ్‌కు గ్రామీ బహుమతి గెలిచింది. ఆ ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ కూడా పోయినాడు.

ఇంగ అసలు విషయానికి వస్తా. శ్రీనివాస్ కథను రెండు రకాలుగా చెప్పొచ్చు. దేవుడిచ్చిన విద్య, పుట్టుకతో వచ్చింది, అందరికీ రాదు అని చెప్పి దండేసి దండం పెట్టొచ్చు. అట్ల చెప్తే మనం చేయాల్సిన పని ఏమీ మిగలదు. నేను ఆ కథ చెప్పను. ఆ పిల్లోడికి విద్య ఉంది, ఒప్పుకుంటా. దాంతో పాటు ఇంట్లో వాయిద్యం ఉంది. కనిపెట్టే నాయన ఉన్నాడు. ఆరేండ్ల పిల్లోడ్ని, పరదేశపు వాయిద్యాన్ని కాదనకుండా నేర్పిన గురువు ఉన్నాడు. తొమ్మిదేండ్లకే స్టేజీ ఇచ్చిన గుడివాడ ఉంది. వీటిలో ఒక్కటి లేకున్నా మనం ఆ పేరు విని ఉండేవాళ్లం కాము.

మన జిల్లాకు సొంతమైన కళ ఉరుములు. పేరులోనే ఆకాశం ఉరిమే మోత ఉంది. కరువు నేలలో ఉరుము మోత అంటే ఎంత ఆశో మీకు వేరే చెప్పనక్కర్లేదు. తరతరాలుగా దళిత కళాకారులు దాన్ని భుజాన మోసినారు. కూలి కోసం, కరువు సాయం కోసం మేం చేసిన పాదయాత్రల్లో ముందర నడిచింది వాళ్లే. నలుగురు ఉరుములోళ్లు వాయిస్తాంటే నేను చూసినా. పెద్దాయన ఒక దెబ్బ మారుస్తాడు, కంటితో సైగ కూడా చేయడు. మిగతా ముగ్గురు వెంటనే పట్టుకుంటారు. ఒకడు ముందుకొచ్చి తిరుగుతా తన మాట వాయిస్తాడు, తిరిగి వచ్చి వరసలో కలుస్తాడు. జాజ్ పండగలో చప్పట్లు కొట్టించుకునే విద్య అదే.

కానీ వాళ్ల బతుకు ఎట్లుంది? ఒక ఊరి జాతరకు నేను పోయింటి. ఊరి పేరెందుకులే. డీజే బాక్సులకు కమిటీ ఇచ్చింది వేలల్లో. ఉరుములోళ్లకు ఇచ్చింది నూర్లల్లో, అది కూడా తెల్లారినాక, గుడి బయట నిలబెట్టి. వాళ్లలో ఒకాయన కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయినాడు. ఆ పిల్లోడి చేతిలో ఏం విద్య ఉండేదో ఇంగ ఎవురికీ తెలీదు. మనకు శ్రీనివాసులు పుట్టడం లేదనేది అబద్ధం. పుట్టినోళ్లను మనం ఇటుకలు మోయడానికి పంపిస్తాండాం.

డీజే వద్దని నేను చెప్పను. కరెంటు వాయిద్యం వద్దన్న పెద్దోళ్లనే ఇంతసేపు తిట్టినా గదా. నేను అడిగేది మూడే. ఒకటి, జాతర కమిటీలో కుర్రోళ్లు మీరే ఉంటారు కాబట్టి డీజేకు ఎంత ఇస్తారో దాంట్లో సగమన్నా ఉరుములకు, డోలు సన్నాయికి, చెక్కభజనకు రాయండి. గుడి ముందర స్టేజీ మీద వాయించనీయండి. రెండు, మీ ఊర్లో పాట తెలిసిన ముసలోళ్ల దగ్గర కూకోని ఫోన్లో రికార్డు చేయండి. కింద వాళ్ల పేరు, ఊరు వేయండి, వాళ్లు ఒప్పుకుంటేనే పెట్టండి. మూడు, ఒక్క మండలంలోనన్నా సర్కారు బడిలో సంగీతం నేర్పే పోస్టు కావల్లని అర్జీ రాయండి. ఆ పోస్టులో ఉరుము వాయించే మనిషిని కూడా గురువుగా పెట్టమని రాయండి. డిగ్రీ లేదంటారు. మాండలిన్ రాని గురువు మాండలిన్ శ్రీనివాస్‌ను తయారు చేసినాడని చెప్పండి.

ఈ రాత్రికి ఆ రెండు ఆల్బమ్‌లలో ఏదో ఒకటి ఇయర్‌ఫోన్ పెట్టుకోని వినండి. రేపు మీ ఊరి ఉరుములోళ్ల ఇంటికి పోయి ఒక వరస వాయించమని అడగండి. మిగతాది మీ చెవులే చెప్తాయి.